జానీ బ్రైట్: నాలుగు అవకాశాల ఆటను వదిలి మూడు అవకాశాల ఆటకు

1951 అక్టోబర్ 20, శనివారం. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రం, స్టిల్‌వాటర్ పట్టణం. ఓక్లహోమా ఎ అండ్ ఎం కాలేజీ, డ్రేక్ విశ్వవిద్యాలయాల మధ్య ఫుట్‌బాల్ మ్యాచ్ మొదలైంది. మొదటి ఏడు నిమిషాల్లోనే డ్రేక్ జట్టు స్టార్ ఆటగాడు మూడుసార్లు స్పృహ తప్పి పడిపోయాడు. మూడుసార్లూ కొట్టింది ప్రత్యర్థి జట్టులోని ఒకే ఆటగాడు. రిఫరీ ఒక్కసారి కూడా ఫౌల్ ఇవ్వలేదు. దెబ్బ తిన్న ఆటగాడి పేరు జానీ బ్రైట్. ఆయన నల్లజాతీయుడు. కొట్టినవాడు తెల్లజాతీయుడు.

బ్రైట్ దవడ విరిగింది. ఆ మరుసటి ఏడాదే అమెరికా ప్రొఫెషనల్ లీగ్ ఆయన్ను తొలి రౌండ్‌లో ఎంచుకుంది. అంత పెద్ద అవకాశాన్ని కాదని ఆయన సరిహద్దు దాటి కెనడా వెళ్లారు. అక్కడ ఆడి, అక్కడే పాఠాలు చెప్పి, అక్కడి పౌరుడిగానే కన్నుమూశారు. కెనడాలో ఆయన పేరిట బడి ఉంది. పుట్టిన దేశంలో మాత్రం విరిగిన దవడ ఫొటోల దగ్గరే ఆయన కథ చాలామందికి ఆగిపోయింది.

ఒకే మూలం, రెండు ఆటలు

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసిన సాకర్ కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట. అమెరికాలో, కెనడాలో ఆడే ఈ రెండు ఆటలూ రగ్బీ నుంచే పుట్టాయి. 1874లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం జట్టు హార్వర్డ్‌కు వెళ్లి ఆడిన మ్యాచ్‌లు అమెరికన్ ఫుట్‌బాల్ పుట్టుకలో కీలకమైనవి. అంటే అమెరికా తన ఆట అని గర్వంగా చెప్పుకునే దానికి బీజం వేయడంలో కెనడాకూ వాటా ఉంది.

తర్వాత దారులు వేరయ్యాయి. అమెరికా ఆటలో జట్టుకు 11 మంది. కెనడా ఆటలో 12 మంది. అమెరికా మైదానం 100 గజాల పొడవు, 53 గజాలకు కాస్త పైన వెడల్పు. కెనడా మైదానం 110 గజాల పొడవు, 65 గజాల వెడల్పు. అసలు తేడా మాత్రం అవకాశాల సంఖ్యలో ఉంది. బంతి చేతిలో ఉన్న జట్టు పది గజాలు ముందుకు వెళ్లడానికి అమెరికాలో నాలుగు ప్రయత్నాలు చేయవచ్చు. కెనడాలో మూడే. ఆ మూడో ప్రయత్నంలో చాలాసార్లు బంతిని దూరంగా తన్నేసి ప్రత్యర్థికి అప్పగించాల్సి వస్తుంది కాబట్టి, ముందుకు సాగడానికి నికరంగా మిగిలేవి రెండు ప్రయత్నాలే. ఒకసారి పరుగెత్తి ఒకటో రెండో గజాల దగ్గర దొరికిపోతే సగం అవకాశం పోయినట్టే. అందుకే కెనడా జట్లు బంతిని విసరడానికే ఎక్కువ మొగ్గు చూపుతాయి. బంతిని పొట్టకు అదుముకుని మనుషుల మధ్య నుంచి దూసుకుపోయే ఆటగాడికి అక్కడ చోటు తక్కువ. బ్రైట్ సరిగ్గా అలాంటి ఆటగాడు.

ఫోర్ట్ వేన్ నుంచి డ్రేక్ దాకా

1930 జూన్ 11న ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్‌లో బ్రైట్ పుట్టారు. స్కూల్లో ఉండగానే ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, పరుగు పందేలు మూడింటిలోనూ పేరు తెచ్చుకున్నారు. అయోవా రాష్ట్ర రాజధాని డిమోయిన్‌లో ఉన్న డ్రేక్ విశ్వవిద్యాలయంలో ఆయనకు అథ్లెటిక్స్ స్కాలర్‌షిప్ దొరికింది. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ కూడా ఆడుకోవచ్చన్నది అందులోని వెసులుబాటు.

1949లో డ్రేక్ తరఫున మైదానంలోకి దిగిన మొదటి సీజన్‌లోనే పరుగులు, పాస్‌లు కలిపి దేశంలోని కాలేజీ ఆటగాళ్లందరికంటే ఎక్కువ గజాలు సాధించారు. 1950లో ఆ మొత్తం 2,400 గజాలకు చేరింది. పరుగెత్తి వెయ్యి గజాలు, పాస్‌లు విసిరి మరో వెయ్యి గజాలు ఒకే సీజన్‌లో దాటిన తొలి కాలేజీ ఆటగాడు ఆయనే. 1951 సీజన్ మొదలయ్యేసరికి కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యున్నత గౌరవమైన హైస్‌మన్ ట్రోఫీ రేసులో ఆయన పేరు ముందు వరుసలో వినిపిస్తోంది. అప్పటి వరకు ఏ నల్లజాతి ఆటగాడికీ ఆ ట్రోఫీ దక్కలేదు.

స్టిల్‌వాటర్‌లో ఏడు నిమిషాలు

స్టిల్‌వాటర్ మైదానం బ్రైట్‌కు కొత్త కాదు. 1949లో అక్కడ ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఆయనే. ఆ మ్యాచ్ ఏ గొడవా లేకుండా ముగిసింది. 1951 నాటికి పరిస్థితి మారింది. డ్రేక్ ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా వస్తోంది. ఆ జట్టును ఆపాలంటే బ్రైట్‌ను ఆపాలి. ఆయన మ్యాచ్ చివరి వరకు మైదానంలో ఉండడన్న పుకారు ముందే పట్టణమంతా పాకింది.

ఆ పుకారు డిమోయిన్ రిజిస్టర్ పత్రిక ఫొటోగ్రాఫర్లు డాన్ అల్టాంగ్, జాన్ రాబిన్సన్ చెవిన కూడా పడింది. ప్రేక్షకులంతా బంతి ఎటు వెళ్తే అటు చూస్తారు. వీళ్లు మాత్రం ఒక కెమెరాను బ్రైట్ మీదే గురిపెట్టి ఉంచారు. మర్నాటి పత్రికకు గడువు దగ్గర పడుతుంది కాబట్టి ఆట మొదట్లో కాసేపు ఫొటోలు తీసి వెనుదిరగాలన్నది వారి ప్రణాళిక. ఆ కాసేపే సరిపోయింది.

వరుస ఫొటోల్లో దృశ్యం స్పష్టంగా ఉంది. బ్రైట్ బంతిని సహచరుడికి అందించేశారు. ఆట మరోవైపు సాగుతోంది. ఆయన దూరంగా నిలబడి చూస్తున్నారు. ప్రత్యర్థి డిఫెన్స్ ఆటగాడు బంతి వైపు కన్నెత్తి చూడకుండా నేరుగా బ్రైట్ దగ్గరికి వచ్చి ముంజేతితో ముఖం మీద కొట్టాడు. అప్పటి హెల్మెట్లకు ముఖాన్ని కాపాడే కడ్డీలు ఉండేవి కావు.

దవడ విరిగాక కూడా బ్రైట్ లేచి, 61 గజాల దూరం వెళ్లిన టచ్‌డౌన్ పాస్ విసిరారు. ఆ తర్వాత మళ్లీ దెబ్బలు పడ్డాయి. చివరికి మైదానం వీడక తప్పలేదు. డ్రేక్ 14-27 తేడాతో ఓడిపోయింది.

కెమెరా చూసింది, శిక్ష పడలేదు

ఫొటోలు మర్నాడే అచ్చయ్యాయి. లైఫ్ పత్రిక కూడా వాటిని దేశం ముందు పెట్టింది. 1952లో ఆ ఇద్దరు ఫొటోగ్రాఫర్లకు పులిట్జర్ బహుమతి లభించింది.

టీవీలో ఇన్‌స్టంట్ రీప్లే ఇంకా పుట్టని రోజులవి. అమెరికన్ ఫుట్‌బాల్ ప్రసారంలో సీబీఎస్ దాన్ని తొలిసారి వాడింది 1963లో. అంతకు పన్నెండేళ్ల ముందే ఆ ఫొటోల వరుస అదే పని చేసింది. జరిగిన క్షణాన్ని ముక్కలు ముక్కలుగా విడదీసి, రిఫరీ వదిలేసిన దాన్ని కోట్లమందికి చూపించింది. అయినా కొట్టిన ఆటగాడిపై రెండు జట్లూ సభ్యులుగా ఉన్న మిస్సోరీ వ్యాలీ కాన్ఫరెన్స్ ఏ చర్యా తీసుకోలేదు. నిరసనగా డ్రేక్ ఆ కాన్ఫరెన్స్ నుంచి బయటికి వచ్చేసింది. బ్రాడ్లీ విశ్వవిద్యాలయం కూడా డ్రేక్‌కు మద్దతుగా అదే పని చేసింది. కాలేజీ ఫుట్‌బాల్ నియమాలు కఠినం కావడానికి, హెల్మెట్లకు ముఖ కవచాలు రావడానికి ఈ ఘటన కూడా ఊతమిచ్చిందని క్రీడా చరిత్రకారులు చెబుతారు.

కొట్టిన ఆటగాడు మాత్రం అందులో జాతి విద్వేషం లేదని తర్వాత కూడా చెబుతూ వచ్చాడు. బ్రైట్ ఆ మాటను ఎన్నడూ నమ్మలేదు. తన దవడ విరగడం వల్ల కాలేజీ ఆటలు కాస్త బాగుపడ్డాయన్న తృప్తి మాత్రం తనకుందని చివరి రోజుల్లో చెప్పుకున్నారు. ఆ ఏడాది హైస్‌మన్ ఓటింగ్‌లో ఆయనకు దక్కింది ఐదో స్థానం.

ఉత్తరం వైపు ప్రయాణం

1952లో ఎన్ఎఫ్ఎల్ జట్టు ఫిలడెల్ఫియా ఈగిల్స్ బ్రైట్‌ను తొలి రౌండ్‌లో ఎంచుకుంది. అంతవరకు ఆ జట్టులో నల్లజాతి ఆటగాడే లేడు. 1934 నుంచి 1945 వరకు ఎన్ఎఫ్ఎల్ జట్లలో ఒక్క నల్లజాతీయుడికీ చోటు దొరకలేదు. 1946లో తలుపు కాస్త తెరుచుకుంది. వాషింగ్టన్ జట్టు మాత్రం 1962 వరకు మొండిగా కూర్చుంది. దక్షిణాది రాష్ట్రాల నుంచి ఎన్ఎఫ్ఎల్‌కు వస్తున్న తెల్ల ఆటగాళ్ల మధ్య తనను ఎలా చూస్తారోనన్న భయం బ్రైట్‌ను వెంటాడింది. స్టిల్‌వాటర్ తర్వాత ఆ భయాన్ని అతిగా ఊహించుకున్నదని ఎవరూ అనలేరు.

ఆయన కాల్గరీ స్టాంపీడర్స్ జట్టులో చేరారు. అప్పట్లో ఇది ఆర్థిక ఆత్మహత్యేమీ కాదు. ఎన్ఎఫ్ఎల్‌కు టీవీ డబ్బు ఇంకా వరదలా రాని రోజులవి. అమెరికా ఆటగాళ్లను ఆకర్షించే జీతాలు కెనడా జట్లు ఇవ్వగలిగేవి. విదేశీ ఆటగాళ్ల సంఖ్యపై పరిమితి ఉండేది కాబట్టి, తీసుకున్న కొద్దిమందిని ఏరి కోరి తీసుకునేవి.

అలాగని కెనడా వివక్ష లేని నేల కాదు. బ్రైట్ స్థిరపడిన ఆల్బర్టా ప్రాంతానికే 1910, 1911 సంవత్సరాల్లో ఓక్లహోమా నుంచి వందలాది నల్లజాతి కుటుంబాలు వలస వచ్చాయి. వారి రాకను అడ్డుకోవాలని ఎడ్మంటన్‌లో సంతకాలు సేకరించారు. 1911లో నల్లజాతీయుల వలసను ఏడాదిపాటు నిషేధిస్తూ కెనడా మంత్రివర్గం ఉత్తర్వు కూడా ఆమోదించింది. అది అమలు కాకుండానే రద్దయింది. భారతీయుల విషయంలోనూ ఆ దేశం చేయి బిగించే ఉంచింది. బ్రైట్ దవడ విరిగిన 1951లోనే కెనడా భారత్‌తో ఒక ఒప్పందం చేసుకుంది. దాని ప్రకారం ఏడాదికి వలస రాగల భారతీయులు 150 మంది. వలస నిబంధనల్లో జాతి ప్రాతిపదికను కెనడా తొలగించింది 1962లో. బ్రైట్ కెనడా పౌరసత్వం తీసుకున్నది కూడా అదే ఏడాది.

ఎడ్మంటన్ రోజులు

1952లో తొలి సీజన్‌లోనే 815 గజాలు పరుగెత్తి బ్రైట్ పశ్చిమ కెనడా లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచారు. తర్వాత గాయాలు వేధించాయి. 1954లో కాల్గరీ ఆయన్ను పొరుగు నగరమైన ఎడ్మంటన్‌కు వదులుకుంది. ఆ జట్టు ఇప్పుడు ఎల్క్స్ పేరుతో ఆడుతోంది. అప్పటి పేరు ఎస్కిమోస్.

ఆ జట్టు కూర్పు గమనించదగ్గది. కోచ్ పాప్ ఐవీ ఓక్లహోమా మనిషి. స్టార్ ఆటగాడు జాకీ పార్కర్ టెనెసీలో పుట్టి మిసిసిపీలో కాలేజీ ఆట ఆడిన దక్షిణాది తెల్లజాతీయుడు. మరో ఆటగాడు నార్మీ క్వాంగ్ కాల్గరీలో చైనా వలస కుటుంబంలో పుట్టాడు. కెనడా చైనీయులకు ఓటు హక్కు వచ్చింది 1947లోనే. ఈ క్వాంగే తర్వాతి కాలంలో ఆల్బర్టా లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. ఏ ప్రాంతపు మనుషులకు భయపడి బ్రైట్ అమెరికా లీగ్‌ను వదులుకున్నారో ఆ ప్రాంతపు మనుషులతోనే ఎడ్మంటన్‌లో భుజం భుజం కలిపి ఆడారు. 1954, 1955, 1956లో వరుసగా మూడుసార్లు కెనడా ఫుట్‌బాల్ అత్యున్నత ట్రోఫీ గ్రే కప్‌ను గెలిచారు. మూడుసార్లూ ఓడింది మాంట్రియల్ జట్టే. 1956 ఫైనల్‌లో బ్రైట్ 171 గజాలు పరుగెత్తారు. గ్రే కప్ ఫైనల్‌లో ఆ రికార్డు 2013 వరకు చెక్కుచెదరలేదు.

1958లో ఆయన 1,722 గజాలు సాధించారు. అదే ఏడాది ఎన్ఎఫ్ఎల్‌లో దిగ్గజం జిమ్ బ్రౌన్ సాధించినవి 1,527. ఈ పోలికలో జాగ్రత్త అవసరం. బ్రౌన్ ఆడింది 12 మ్యాచ్‌లు. పశ్చిమ కెనడా జట్లు సీజన్‌కు 16 మ్యాచ్‌లు ఆడేవి. కెనడా నియమాల ప్రకారం డిఫెన్స్ జట్టు బంతికి ఒక గజం వెనక నిలబడాలి. పరుగెత్తేవాడికి అది కాస్త ఊరట. మరోవైపు, మూడు ప్రయత్నాల ఆటలో బంతి మోసే అవకాశాలే తక్కువ. ఎవరు గొప్ప అన్నది ఈ అంకెలతో తేలదు. ఇద్దరినీ ఒకే వాక్యంలో పోల్చగలగడమే బ్రైట్ స్థాయికి కొలమానం.

1959లో కెనడా ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నారు. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతీయుడు ఆయనే. 1964లో రిటైరయ్యేనాటికి ఆయన ఖాతాలో 10,909 గజాలున్నాయి. అప్పటికి కెనడా చరిత్రలో అదే అత్యధికం. దవడ విరిగి మైదానం వీడిన మనిషి కెనడాలో వరుసగా 197 మ్యాచ్‌లు ఆడారు.

టీవీ మార్చిన లెక్క

ఇంత చేసినా అమెరికాలో ఆయన పేరు మరుగున పడటానికి ఒక కారణం టీవీ. 1954లో ఎన్బీసీ ఒక సీజన్‌పాటు కెనడా ఫుట్‌బాల్‌ను అమెరికాలో ప్రసారం చేసింది. అవి తూర్పు కెనడా జట్ల లీగ్ మ్యాచ్‌లు. బ్రైట్ ఆడింది పశ్చిమాన. ఆయన పరుగులను అక్కడి జనం ప్రధానంగా స్టేడియంలో చూశారు, రేడియోలో విన్నారు.

అమెరికాలో 1958 డిసెంబర్‌లో బాల్టిమోర్, న్యూయార్క్ జట్ల మధ్య జరిగిన ఫైనల్ టీవీ ప్రేక్షకులను కట్టిపడేసింది. 1961లో లీగ్ మొత్తం తరఫున ఒకే ప్రసార ఒప్పందం చేసుకోవడానికి అమెరికా చట్టం అనుమతించింది. 1962లో సీబీఎస్ ఏడాదికి 46.5 లక్షల డాలర్లు చెల్లించింది. 1964 నాటికి అది ఏడాదికి 1.41 కోట్ల డాలర్లకు పెరిగింది. బ్రైట్ బూట్లు విప్పింది ఆ ఏడాదే. ఆయన వలస వెళ్లినప్పుడు దాదాపు సమానంగా ఉన్న రెండు లీగ్‌ల మధ్య అగాధం మొదలైంది అప్పుడే.

డబ్బుతో పాటు చెప్పే తీరు కూడా మారింది. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య విరామమే కామెంటరీకి ఊపిరి. ఈ ఆటలోనూ అంతే. ఇప్పటి ఎన్ఎఫ్ఎల్‌లో ఒక ప్రయత్నానికీ మరో ప్రయత్నానికీ మధ్య 40 సెకన్ల గడియారం నడుస్తుంది. ఒక రీప్లే చూపించి, మాజీ ఆటగాడు దాన్ని విడమరిచి, ఆటగాడి జీవితకథలో ఒక ముక్క చెప్పేంత సమయం అది. 1970లో ఏబీసీ సోమవారం రాత్రి మ్యాచ్‌లకు ముగ్గురు వ్యాఖ్యాతలను కూర్చోబెట్టింది. హోవర్డ్ కోసెల్ లాంటి వ్యాఖ్యాతలు ఆటగాళ్లకు దీటుగా ప్రసిద్ధులయ్యారు. కెనడాలో రిఫరీ ఈల వేశాక 20 సెకన్లలో ఆట మొదలవ్వాలన్నది చాలాకాలం సాగిన నియమం. బంతి పడకముందే అటూ ఇటూ పరుగులు తీసే ఆటగాళ్లు, వెడల్పైన మైదానం, తన్నిన ప్రతి బంతికీ తిరుగు పరుగు. అక్కడి వ్యాఖ్యాత జరుగుతున్నది చెప్పడంలోనే తలమునకలవుతాడు. ఆట వేగానికి అది అందం. ఆటగాడిని ఇతిహాస పురుషుడిగా నిలబెట్టే తీరిక మాత్రం తక్కువ.

1982లో ఎన్ఎఫ్ఎల్ ఆటగాళ్లు సమ్మె చేసినప్పుడు ఎన్బీసీ మళ్లీ కెనడా మ్యాచ్‌ల వైపు చూసింది. అమెరికా ప్రేక్షకులు పట్టించుకోలేదు. కొద్ది వారాలకే ఆ ప్రసారాలు ఆగిపోయాయి. కెనడా లీగ్ 2025 సెప్టెంబర్‌లో చేసిన ప్రకటన ప్రకారం 2026 నుంచి 35 సెకన్ల గడియారం, 2027 నుంచి 100 గజాల మైదానం వస్తాయి. మూడు ప్రయత్నాల నియమం మాత్రం కొనసాగుతుంది.

ప్రిన్సిపాల్ బ్రైట్

డ్రేక్‌లో బ్రైట్ చదివింది విద్యాశాస్త్రం. ఆడుతున్న రోజుల్లోనే ఎడ్మంటన్‌లో టీచర్‌గా చేరారు. పిల్లలకు కోచ్‌గా పనిచేశారు. తర్వాత రెండు జూనియర్ హైస్కూళ్లకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1970లో కెనడా ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటు దక్కింది.

ఆయన ఎడ్మంటన్‌లో బడి నడుపుతున్న రోజుల్లోనే మరో అమెరికా నల్లజాతి యువకుడు అదే నగరానికి వచ్చాడు. పేరు వారెన్ మూన్. నల్లజాతీయుడు క్వార్టర్‌బ్యాక్‌గా జట్టును నడపలేడన్న దురభిప్రాయం బలంగా ఉన్న 1978లో ఎన్ఎఫ్ఎల్ జట్లేవీ డ్రాఫ్ట్‌లో అతన్ని తీసుకోలేదు. ఎడ్మంటన్‌తో వరుసగా ఐదు గ్రే కప్‌లు గెలిచాక 1984లో అదే ఎన్ఎఫ్ఎల్ అతన్ని పిలిచింది. పాతికేళ్ల తర్వాత కూడా బ్రైట్ నడిచిన దారి అవసరం తీరలేదు. కాకపోతే మూన్‌కు తిరుగు ప్రయాణం దొరికింది.

దాన్ని చూడటానికి బ్రైట్ లేరు. 1983 డిసెంబర్ 14న పాత మోకాలి గాయానికి శస్త్రచికిత్స జరుగుతుండగా ఎడ్మంటన్ ఆసుపత్రిలో గుండెపోటుతో మరణించారు. వయసు 53. మరుసటి ఏడాది అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను చేర్చుకుంది.

ఓక్లహోమా ఎ అండ్ ఎం ఇప్పుడు ఓక్లహోమా స్టేట్ యూనివర్సిటీ. ఆ సంస్థ అధ్యక్షుడు 2005 సెప్టెంబర్‌లో డ్రేక్ విశ్వవిద్యాలయానికి లేఖ రాసి 1951 నాటి ఘటనకు అధికారికంగా క్షమాపణ చెప్పారు. దెబ్బ తగిలిన 54 ఏళ్లకు, దెబ్బ తిన్న మనిషి పోయిన 22 ఏళ్లకు ఆ లేఖ వచ్చింది. 2006లో డ్రేక్ తన స్టేడియంలోని మైదానానికి ఆయన పేరు పెట్టింది. 2010లో ఎడ్మంటన్‌లో జానీ బ్రైట్ స్కూల్ తెరుచుకుంది. పుట్టిన దేశం ఆయన్ను ఆటగాడిగా గుర్తుపెట్టుకుంది. ఎంచుకున్న దేశంలో ఆయన పేరు పిల్లల స్కూలు బోర్డు మీద ఉంది.